పేరు లేని నౌకరు

చిరంజీవికి,

నీ నాటకం రెండుసార్లు చదివాను. జమీందారు, ఆయన కొడుకులు బాగా మాట్లాడుతున్నారు. ఆ ఇంటి పనివాళ్లు మాత్రం ఉత్తరం అందించి తప్పుకుంటున్నారు. నా దిగులంతా వాళ్ల గురించే.

షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ తీసి మూడో అంకం చివరి రంగం చదువు. ముసలి ప్రభువు గ్లాస్టర్‌ను కుర్చీకి కట్టించి, లియర్ అల్లుడు కార్న్‌వాల్ ఒక కన్ను పెకలిస్తాడు. రెండో కంటి మీదికి పోబోతుంటే అతని సొంత నౌకరే అడ్డుపడతాడు. చిన్నప్పటి నుంచి మీ కొలువులో ఉన్నాను, ఆగమని ఇప్పుడు చెప్పడం కన్నా మంచి సేవ మీకెన్నడూ చేయలేదు అంటాడు. కత్తి దూస్తాడు. కార్న్‌వాల్ భార్య రీగన్ ఆ నౌకరును వెనక నుంచి పొడిచి చంపుతుంది. అయినా అతను చేసిన గాయమే తర్వాత కార్న్‌వాల్ ప్రాణం తీస్తుంది. ఆ నౌకరుకు నాటకంలో పేరు కూడా లేదు!

1608 నాటి ముద్రణలో ఆ రంగం అక్కడితో ఆగదు. ఇంకో ఇద్దరు నౌకర్లు మిగులుతారు. నెత్తురోడుతున్న ముసలాయన ముఖానికి పెట్టడానికి అవిసె నార, గుడ్డు తెల్లసొన తెస్తానంటాడు ఒకడు. షేక్‌స్పియర్ నాటకాలను కలిపి వేసిన 1623 సంపుటిలో ఈ మాటలు లేవు. లేకపోయినా కథ నడుస్తుంది, నిజమే. నాకు మాత్రం ఆ తెల్లసొన లేని రంగం చదవబుద్ధి కాదు. అంత ఘోరం జరిగిన ఇంట్లో వంటగదిలో ఏముందో గుర్తున్నవాడు ఒకడున్నాడు.

షేక్‌స్పియర్ హాస్యనాటకంలోనూ ఇంతే. ‘ట్వెల్ఫ్త్ నైట్’లో ఇంటి పెత్తనం చూసే మాల్వోలియో గర్విష్ఠి. దొంగ ఉత్తరం నమ్మి, యజమానురాలు తనను వలచిందనుకుని, పసుపు మేజోళ్లు తొడుక్కొని వస్తాడు. కడుపుబ్బ నవ్వుతాం. తర్వాత పిచ్చివాడని చీకటి గదిలో పెడతారు. అక్కడ నవ్వు కాస్త తగ్గుతుంది. చివర జంటలన్నీ కలిసిన వేళ, మీ అందరి మీదా పగ తీర్చుకుంటానని వెళ్లిపోతాడు. అతను లేకుండానే తెర పడుతుంది. అతన్ని క్షమింపజేసి పెళ్లి విందులో కూర్చోబెట్టడం ఎంత సులువో ఆలోచించు.

పనివాళ్లకు సంభాషణలు పెంచమని కాదు నేననేది. నీ రెండో అంకంలో అన్నదమ్ములు కొట్టుకుంటున్నంతసేపూ వంటమనిషిని తలుపు దగ్గర నిలబెట్టావు. ఆ పిల్లలకు అన్నం పెట్టి పెంచింది ఆమే కదా. అప్పుడు ఆమె చేతిలో ఏముంది? ఎవరి వైపు చూస్తోంది? ఆ ఒక్క రంగం మళ్లీ రాసి పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు