జీతం లేని ఎడిటర్ పని ఒప్పుకోవాలా?

ప్రశ్న: నేను హనుమకొండలో ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మా సీనియర్లు విద్యార్థుల కోసం ఒక పరిశోధన పత్రిక మొదలుపెట్టి, ఒక సంచిక తెచ్చారు. ఈ ఏడాది వాళ్లు వెళ్లిపోతున్నారు. నన్ను మేనేజింగ్ ఎడిటర్‌గా ఉండమంటున్నారు. బోర్డులో 12 పేర్లున్నా పనిచేసేది ముగ్గురమే. 11 వ్యాసాలు వచ్చి నాలుగు నెలలైంది, ఎవరికీ జవాబు ఇవ్వలేదు. ఐఎస్ఎస్ఎన్ అనే గుర్తింపు నంబర్ వస్తే పత్రికకు విలువ వస్తుందని సీనియర్లు అంటున్నారు. మాది నర్సంపేట దగ్గర పల్లె, మా బాపు మిర్చి రైతు. ‘జీతం లేని పని నీకెందుకు బిడ్డా, నెట్ పరీక్షకు చదువుకో’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఒప్పుకోండి. కానీ ఒక్క ఏడాదికే, అదీ కొన్ని విషయాలు ముందే తేల్చుకుని.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఆ 11 వ్యాసాల సంగతి. వాటిలో చాలావరకు ఆ పిల్లలు రాసిన మొదటి పరిశోధన వ్యాసాలే అయి ఉంటాయి. గైడ్‌ను బతిమాలి, ల్యాబ్ ఖాళీ దొరికినప్పుడల్లా పనిచేసి, తంటాలు పడి ఇంగ్లిష్‌లో రాసి పంపారు. ఒక వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపకూడదన్నది అందరూ పాటించే నియమం. అంటే మీరు జవాబు ఇవ్వనన్నాళ్లూ వాళ్లు ఇంకెక్కడికీ పంపుకోలేరు. కొత్తగా రాసేవాళ్ల వ్యాసాన్ని ఎవరో ఒకరు శ్రద్ధగా చదివి, చెప్పిన తేదీకి జవాబు ఇవ్వడం కోసమే విద్యార్థి పత్రిక ఉండేది. అది జరగకపోతే ఎన్ని నంబర్లు తెచ్చుకున్నా లాభం లేదు.

కాబట్టి బాధ్యత తీసుకున్న మొదటి వారంలోనే ఆ పదకొండు మందికీ రాయండి. నాలుగు వాక్యాలు చాలు. ‘మీ వ్యాసం మా దగ్గర ఉంది. ఆలస్యానికి క్షమించండి. ఫలానా తేదీలోగా మా తొలి నిర్ణయం చెబుతాం. ఈలోగా వేరే పత్రికకు పంపుకోవాలనుకుంటే ఒక్క మాట రాయండి, మా వైపు నుంచి అభ్యంతరం లేదు.’ ఇద్దరు ముగ్గురు వెనక్కి తీసుకుంటారు, తీసుకోనివ్వండి. తేదీ మాత్రం మీరు నిజంగా నిలబెట్టుకోగలిగిందే వేయండి.

ఇక పనిచేయని ఆ తొమ్మిది మంది. వాళ్లు బద్ధకస్తులని అనుకోవద్దు. ‘ఎడిటర్‌గా ఉంటావా’ అని అడిగితే ఎవరైనా సరే అంటారు. ఆ తర్వాత ఏ పని, ఎప్పటిలోగా అన్నది ఎవరూ చెప్పి ఉండరు. జీతం లేని చోట పని నడిచేది చిన్న ముక్కల మీద, తేదీల మీద. వాట్సాప్ గ్రూపులో ‘అందరూ కాస్త యాక్టివ్‌గా ఉండండి’ అని పెడితే ఒక్కరూ కదలరు. ఒక్కొక్కరికీ విడిగా ఫోన్ చేయండి. ‘ఈ ఒక్క వ్యాసం చదివి, ఇది మన పత్రికకు తగినదో కాదో 20వ తేదీలోగా అర పేజీ రాసిస్తావా?’ అని అడగండి. కుదరదంటే ‘పర్వాలేదు, వచ్చే సంచిక నుంచి నీ పేరు తీసేస్తాను, మళ్లీ తీరిక దొరికినప్పుడు రా’ అని మర్యాదగా చెప్పండి. స్నేహితుల పేర్లు తీసేయడం కష్టంగానే ఉంటుంది. కానీ 12 పేర్ల బోర్డు కన్నా పనిచేసే ఆరుగురి బోర్డు మేలు. చేరేటప్పుడే గడువు చెప్పండి: రెండు సెమిస్టర్లు, ఆ తర్వాత ఇష్టమైతేనే కొనసాగింపు. సెమిస్టర్ పరీక్షల నెలలో, బతుకమ్మ దసరా సెలవుల్లో ఏ గడువూ పెట్టొద్దు. ఆ రోజుల్లో ఎవరూ చేయరు, మీరూ చేయరు.

అన్నీ గుర్తుంచుకోవడానికి ఒక్క గూగుల్ షీట్ చాలు. వ్యాసం నంబరు, వచ్చిన తేదీ, ఏ ఎడిటర్ చూస్తున్నారు, రివ్యూయర్లకు (వ్యాసం చదివి అభిప్రాయం రాసిచ్చే, ఆ విషయం తెలిసినవాళ్లకు) పంపిన తేదీ, తిరిగి రావాల్సిన తేదీ, రచయితకు చివరిసారి రాసిన తేదీ. ఈ ఆఖరి గడే ముఖ్యం. ప్రతి ఆదివారం షీట్ తెరవండి. ఆ గడిలో నెల దాటిన తేదీ కనబడితే, చెప్పడానికి కొత్త సంగతేమీ లేకపోయినా ఆ రచయితకు రెండు ముక్కలు రాయండి. తర్వాత వ్యాసాలు పెరిగితే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, 2001 నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు. ఇప్పుడే దాని జోలికి పోనక్కర్లేదు.

ఎడిటర్ అసలు పని కనిపించేది రచయితకు రాసే నిర్ణయ లేఖలో. ఉదాహరణకు, పాకాల ఆయకట్టు బోర్లలో నైట్రేట్ మీద ఒక వ్యాసం వచ్చిందనుకుందాం. రివ్యూయర్ ‘డేటా సరిపోదు, రిజెక్ట్’ అని రెండు ముక్కలు రాశారు. దాన్ని అలాగే ఫార్వర్డ్ చేస్తే ఆ విద్యార్థి మళ్లీ కలం పట్టకపోవచ్చు. మీరు కూర్చుని ఇలా రాయాలి: ‘మీరు 18 బోర్ల నీళ్లు పరీక్షించారు. ఏడింటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితి దాటిందన్నారు. కానీ నమూనాలు ఏ నెలలో తీశారో చెప్పలేదు. వానకాలం యూరియా వేశాక తీసిన నీళ్లకూ, ఎండాకాలం నీళ్లకూ తేడా ఉండొచ్చు. తేదీలు, బోరు లోతు ఒక పట్టికలో ఇవ్వండి. ఊళ్లో నీళ్లేవీ తాగడానికి పనికిరావు అన్న ముగింపుకు ఈ లెక్కలు చాలవు, పరీక్షించిన బోర్ల వరకే చెప్పండి. ఈ రెండూ సరిచేసి నెలలోగా పంపితే మళ్లీ చూస్తాం.’ రివ్యూయర్ మాట ఇందులో ఎక్కడికీ పోలేదు. విద్యార్థికి రేపు పొద్దున చేయాల్సిన పనేమిటో తెలిసింది. ఇలాంటి లేఖ రాయడానికి గంట పడుతుంది. ఆ గంట ఎక్కడా మిగుల్చుకోవద్దు. తిరస్కరించేటప్పుడైతే ఇంకా జాగ్రత్తగా రాయండి.

రివ్యూయర్ల కోసం కాకతీయ యూనివర్సిటీలో, నిట్‌లో పిహెచ్.డి. చేస్తున్నవాళ్లను అడగండి. వ్యాసం మొత్తం పంపేయకుండా ముందు సారాంశం మాత్రం పంపి, ‘మూడు వారాల్లో చూడగలరా’ అని కనుక్కోండి. ఇద్దరు ఒప్పుకున్నా మూడో పేరు చేతిలో ఉంచుకోండి. రచయిత పేరు దాచి పంపుతాం కదా అనుకుంటారు గానీ, మన దగ్గర అది అంత తేలిక కాదు. ఫైల్ ప్రాపర్టీస్‌లో పేరు అలాగే ఉంటుంది, అది తీసేయాలి. తీసేసినా, ఏ చెరువు నీళ్ల మీద ఎవరి గైడ్ పనిచేయిస్తున్నారో వరంగల్‌లో అందరికీ తెలుసు. అందుకే వీలైనప్పుడల్లా ఒక రివ్యూయర్‌ను కరీంనగర్ శాతవాహన యూనివర్సిటీ నుంచో, నిజామాబాద్ తెలంగాణ యూనివర్సిటీ నుంచో తెచ్చుకోండి. మీ హాస్టల్ రూమ్‌మేట్ వ్యాసం వస్తే మీరు పక్కకు తప్పుకుని ఇంకొకరికి అప్పగించండి. అచ్చు కాని వ్యాసాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, ఏఐ చాట్‌బాట్‌లో వేసి ‘ఎలా ఉంది’ అని అడగకూడదు. అది ఇంకొకరి సొత్తు.

మీకు అసలు టెన్షన్ రచయితల పేర్ల దగ్గర వస్తుంది. ‘సార్ పేరు కూడా పెట్టండి, ల్యాబ్ ఇచ్చారు’ అంటారు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ పెట్టిన నాలుగు షరతులు ఇక్కడ పనికొస్తాయి: పనిలో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి, వ్యాసం రాయడంలోనో దిద్దడంలోనో చేయి ఉండాలి, చివరి ప్రతికి ఒప్పుకోవాలి, రేపు ప్రశ్న వస్తే జవాబుదారీ కావాలి. ల్యాబ్ మాత్రమే ఇచ్చినవారికి కృతజ్ఞతల్లో చోటు. ‘ఎవరు ఏం చేశారు’ అని అడిగే ఒక ఫారం వ్యాసంతో పాటే తీసుకోండి. అప్పుడు సార్‌తో వాదించాల్సింది మీరు కాదు, పత్రిక నియమం. ఏఐ సాధనాన్ని రచయితగా చూపకూడదని ప్రచురణ నైతికతకు సంబంధించిన కోప్ సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. వాడితే ఎక్కడ వాడారో రాయమనండి. వ్యాసం వేరే రచనలతో ఎంత కలుస్తోందో చూపే సిమిలారిటీ రిపోర్టు లైబ్రరీలో తీయించుకోండి, కానీ శాతం ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. ప్రయోగ పద్ధతి రాసేచోట నాలుగు వాక్యాలు కలవడం మామూలే. ఫలితాల్లో, చర్చలో కలిస్తే మాత్రం వదలొద్దు.

ఐఎస్ఎస్ఎన్ గురించి రెండు మాటలు. అది 8 అంకెల గుర్తింపు నంబర్, అంతే. నాణ్యతకు సర్టిఫికెట్ కాదు. మన దేశంలో దాన్ని ఢిల్లీలోని సీఎస్ఐఆర్ నిస్పర్ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. డబ్బులిస్తే ఐఎస్ఎస్ఎన్, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పత్రిక వ్యాసాలను ఇతరులు ఎంతగా ఉదహరిస్తున్నారో చెప్పే లెక్క) రెండూ తెచ్చిస్తామనే ఏజెంట్లకు ఒక్క రూపాయి ఇవ్వొద్దు. విద్యార్థుల దగ్గర ప్రచురణ ఫీజు కూడా వసూలు చేయొద్దు. యూజీసీ తాను గుర్తించిన పత్రికల ‘కేర్’ జాబితాను 2025లో ఆపేసింది కాబట్టి, ఏది మంచి పత్రికో చూసుకునే భారం ఇప్పుడు కాలేజీల మీద, రాసేవాళ్ల మీదే పడింది. మీకు వీలైతే పిహెచ్.డి. ఉన్న ఇద్దరు అధ్యాపకులను సలహాదారులుగా పెట్టుకోండి. డీఓఏజే అనే అంతర్జాతీయ ఉచిత పత్రికల సూచీ విద్యార్థి పత్రికలకు పెట్టిన షరతు కూడా అదే.

మీ బాపు మాటలో న్యాయం ఉంది. ఎడిటర్‌గా చేసినందుకు నెట్‌లో ఒక్క మార్కు కూడా కలవదు. ఆ పరీక్షతో దొరికే జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, మీ ఇంటికి అది చిన్న మాట కాదు. అందుకే వారానికి ఐదారు గంటలకు మించి ఇవ్వొద్దు. మీరు రాయబోయే నెట్‌కు రెండు నెలల ముందు పని పూర్తిగా ఇంకొకరి చేతిలో పెట్టేయాలి. ఇది ఆయనకు తేదీలతో సహా చెప్పండి. విద్యార్థులు నడిపే పత్రికలు పిల్లకాయల ఆట కాదని కూడా చెప్పండి. అమెరికాలో హార్వర్డ్ లా విద్యార్థులు 1887 నుంచి తమ పత్రికను తామే నడుపుకుంటున్నారు.

ఈ పని ఎక్కడ ఉపయోగపడుతుందంటే, పిహెచ్.డి. ఇంటర్వ్యూలో, హైదరాబాద్ ఫార్మా కంపెనీల మెడికల్ రైటింగ్, రెగ్యులేటరీ విభాగాల్లో, పుస్తక ప్రచురణ సంస్థల్లో. అక్కడ కూడా ‘మేనేజింగ్ ఎడిటర్’ అన్న బిరుదును ఎవరూ పట్టించుకోరు. ఎన్ని వ్యాసాలు చూశారు, తొలి నిర్ణయానికి ఎన్ని రోజులు పట్టేది, కష్టమైన నిర్ణయం ఏది, ఎందుకు తీసుకున్నారు అని అడుగుతారు. షీట్ సరిగా రాసుకుంటే ఆ జవాబులన్నీ అందులోనే ఉంటాయి. అన్నిటికన్నా, ఇంకొకరి వ్యాసంలో లోపం పట్టడం అలవాటైతే మీ ప్రాజెక్టు రిపోర్టు మీరే వేరే కళ్లతో చదువుతారు.

మీ బోర్డు ముందు ఒక ప్రతిపాదన పెట్టమని నా కోరిక. ప్రతి వ్యాసానికీ 150 మాటల తెలుగు సారాంశం జత చేయించండి. 2021లో తామర పురుగు మిర్చి తోటలను ఎలా ఊడ్చేసిందో మీ ఇంట్లోనే చూసి ఉంటారు. అలాంటి విషయం మీద వ్యాసం వస్తే ఆ సారాంశం మీ బాపు చేతికివ్వండి. ఎక్కడ అర్థం కాలేదో ఆయన చెప్పిన చోటల్లా రచయిత చేత మళ్లీ రాయించండి.

చివరగా, సీనియర్లు కాలేజీ వదిలేలోపు పత్రిక మెయిల్, వెబ్‌సైట్, డొమైన్ పాస్‌వర్డులు తీసుకోండి. అవి ఎవరి సొంత ఫోన్ నంబరుతోనూ ముడిపడి ఉండకూడదు. మొదటి సంచిక వ్యాసాలు జెనోడో అనే ఆన్‌లైన్ భాండాగారంలో ఉచితంగా భద్రపరిస్తే, రేపు వెబ్‌సైట్ పోయినా వ్యాసాలు పోవు. ఆ 11 వ్యాసాల ఫైళ్లు, రచయితలతో జరిగిన మెయిళ్లు కూడా చేతికి తీసుకోండి. ఇవన్నీ అప్పగించాకే ‘సరే’ అనండి.