మామూలు మైకును నేరుగా డాంటే నెట్‌వర్క్‌కు (సౌండ్‌ను కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుళ్ల మీదుగా పంపే పద్ధతి) కలపవచ్చా?

కలపలేం. మధ్యలో స్టేజ్ బాక్స్ లాంటి పరికరం ఉండాలి, అంటే మైకు కేబుళ్లను గుచ్చుకుని నెట్‌వర్క్‌కు అందించే పెట్టె.

మైకు నుంచి వచ్చేది చాలా బలహీనమైన సిగ్నల్, చాలాసార్లు కొద్ది మిల్లీవోల్టులే. ముందుగా స్టేజ్ బాక్స్‌లోని ప్రీయాంప్ దాన్ని పెంచుతుంది. కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్‌లోనే వెళ్లే కరెంటు) కూడా ఈ బాక్సే ఇస్తుంది. తర్వాత కన్వర్టర్ ఆ సిగ్నల్‌ను సాధారణంగా సెకనుకు 48,000 సార్లు కొలిచి, 24 బిట్ల అంకెలుగా మారుస్తుంది. ఆ అంకెలే ప్యాకెట్లుగా నెట్‌వర్క్ కేబుల్‌లో మిక్సర్‌కు చేరతాయి. రాగి కేబుల్‌కు 100 మీటర్లు హద్దు, అంతకు మించితే ఫైబర్ వేసుకోవాలి.

అసలు చిక్కంతా గెయిన్ దగ్గరే, అంటే ప్రీయాంప్ సిగ్నల్‌ను ఎంత పెంచుతుందన్న దగ్గరే. కన్వర్టర్ దగ్గరే సిగ్నల్ మోతాదు మించి క్లిప్ అయిందా (పై అంచులు తెగి సౌండ్ చెడిందా), ఇక మిక్సర్‌లో ఎంత తగ్గించినా బాగుపడదు. సౌండ్ చెక్‌లో గాయకులు సగం గొంతుతోనే పాడతారు కాబట్టి నేనైతే ఆ క్లిప్ హద్దుకు కింద కనీసం 12 డీబీ (డెసిబెల్) ఖాళీ వదులుతాను.

ఒకే బాక్స్‌ను రెండు మిక్సర్లు వాడుకుంటుంటే గెయిన్ ఒకరి చేతిలోనే ఉండాలి. రెండోవారు డిజిటల్ ట్రిమ్‌తో (అంకెలుగా మారాక తమ మిక్సర్‌లోనే స్థాయిని సర్దుకోవడంతో) సరిపెట్టుకోవాలి. లేదంటే హాల్లో సౌండ్ కోసం మీరు గెయిన్ పెంచిన క్షణమే స్టేజీ మీది మానిటర్లు (గాయకులు తమ సౌండ్ వినే స్పీకర్లు) ఫీడ్‌బ్యాక్‌తో కూయడం మొదలుపెడతాయి.