వేడి అట్టు ఎవరి కంచంలో?

ప్రశ్న: అక్కా, నాకు 38 ఏళ్లు. బీకాం చదివాను, ఉద్యోగం చేయలేదు. మావారిది ఎరువుల కొట్టు. రాత్రిళ్లు కొట్టు లెక్కలు నేనే రాస్తాను. పిల్లలిద్దరూ హైస్కూల్లో ఉన్నారు. ఇంట్లో నన్నెవరూ పల్లెత్తు మాట అనరు. అయినా పొద్దుగూకేసరికి నేను దేనికీ పనికిరానిదాన్ని అనిపిస్తుంది. మొన్న మా అమ్మాయి స్కూల్ ఫారంలో ‘తల్లి వృత్తి’ అన్నచోట ‘ఏమీ లేదు’ అని నేనే రాశాను. రాశాక ఏడుపొచ్చింది. నా మీద నాకు కాస్త గౌరవం కలగడానికి రోజూ చేసుకోదగ్గ చిన్న అలవాట్లు చెప్తారా?
— ఒక చెల్లెలు, తెనాలి

జవాబు: చెల్లీ, ఇవాళ పొద్దున నువ్వు తిన్న అట్టు వేడిగా ఉందా?

పెళ్లయ్యాక పన్నెండేళ్లు నేను స్టవ్ దగ్గర నిలబడే తిన్నాను. అందరికీ వేశాక గిన్నెలో మిగిలిన పిండికి కాసిని నీళ్లు కలిపి పోసుకున్న అట్టు నాది. పిల్లలు తుంచి వదిలేసిన అంచులూ నావే. అలా తినమని నాకెవరూ చెప్పలేదు. ఒకరోజు మా అమ్మాయి, అప్పుడు పదేళ్లది, వేడి అట్టు తమ్ముడి కంచంలోకి జరిపి, చల్లారింది తను తీసుకుని ‘నాకేం ఫర్లేదులేమ్మా’ అంది. అచ్చం నా మాట, నా గొంతు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

మర్నాడు రెండో అట్టు నా కంచంలో వేసుకుని అందరితో పాటు కూర్చున్నాను. నాలుగైదు రోజులు పరాయి ఇంట్లో తింటున్నట్టే ఉంది. మధ్యలో అత్తయ్య మంచినీళ్లడిగారు. లేవబోయి ఆగి, మావారిని అందించమన్నాను. ఆయన లేచి ఇచ్చారు. నేనెన్నో ఏళ్లుగా భయపడ్డ గొడవేదీ జరగలేదు.

నువ్వడిగిన అలవాట్లలో నేను ముందు చెప్పేది ఇదే. రోజుకు ఒక్క పూటైనా నలుగురితో కలిసి, కూర్చుని, వేడిగా తిను. అద్దం ముందు నిలబడి ‘నేను గొప్పదాన్ని’ అనుకోమని కొందరు చెప్తారు. నాకది కుదరలేదు. నోరు అలా అంటూ, చెయ్యి మాడిన ముక్కను మన కంచంలో వేస్తుంటే మనసు చేతినే నమ్ముతుంది.

రక్తపరీక్ష కూడా చేయించుకో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. హిమోగ్లోబిన్ 12కి తగ్గకూడదు, నాకు 9 వచ్చింది. అన్నాళ్లూ ఆ నీరసాన్ని నా చేతకానితనం అనుకున్నాను! డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలతో పాటు, భోజనం కాగానే తాగే టీని గంట తర్వాతకి మార్చాను. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. కొన్ని నెలలకు మేడ మెట్లు ఆగకుండా ఎక్కగలిగాను. ఆ రోజు పైన నిలబడి ఎంత సంతోషపడ్డానో.

పిన్నీసుతో నెట్టుకొస్తున్న చెప్పులు, మార్చాల్సిన కళ్లజోడు, నొప్పెడుతున్న పన్ను... ‘తర్వాత చూద్దాంలే’ అని నువ్వు పక్కన పెట్టినవి ఉండే ఉంటాయి. ఈ వారం వాటిలో ఒక్కటి తేల్చుకో.

ఒకవేళ రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా, బతకాలనిపించకపోయినా ఈ అలవాట్లతో సరిపెట్టుకోకు. 14416కి ఫోన్ చెయ్యి. అది మనసు బాగోలేనప్పుడు సాయం అందించే ప్రభుత్వ టెలి మానస్ నంబరు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక ఆ ఫారం. ఇంటి పనికి ఆర్థిక విలువ ఉందని 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో చెప్పింది. జస్టిస్ ఎన్.వి. రమణ అందులో 2019 నాటి సర్వే లెక్క ప్రస్తావించారు: జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. నువ్వు ఆ పని చేసి, పైగా కొట్టు లెక్కలూ రాస్తున్నావు. ఆ పనికి మీవారు గుమస్తాను పెట్టుకుంటే నెలనెలా జీతమివ్వాలి కదా! ఫారం ఇంకా ఇంట్లోనే ఉంటే ‘ఏమీ లేదు’ కొట్టేసి, ‘గృహిణి, ఎరువుల కొట్టు లెక్కలు’ అని రాయి. ఇచ్చేసి ఉంటే, స్కూల్లో అడిగి మార్పించు. మీ అమ్మాయిని వెంట తీసుకెళ్లు.