'టు బిల్డ్ ఎ ఫైర్' కథలో మనిషి పొగరు వల్ల చచ్చిపోయాడా?

మీరు అడిగింది ఇది: జాక్ లండన్ రాసిన 'టు బిల్డ్ ఎ ఫైర్' కథని "పెద్దల మాట వినని గర్వానికి ప్రకృతి వేసిన శిక్ష" అని రాస్తే, న్యాచురలిజం ప్రశ్నకి సరైన జవాబు అవుతుందా?

అవదు. గర్వం, శిక్ష రెండూ నీతికథ మాటలు. శిక్ష వేయాలంటే వేసేవాడొకడు ఉండాలి. ఈ కథలో ఎవరూ లేరు, చలి ఉంది, అంతే. కథ క్లుప్తంగా ఇది: ఇంత చలిలో ఒంటరిగా వెళ్ళొద్దన్న పెద్దాయన మాట పట్టించుకోకుండా, పేరు లేని ఒక మనిషి ఒక కుక్కతో మంచులో నడుస్తూ వెళ్తాడు, మంట నిలబెట్టుకోలేక చచ్చిపోతాడు.

ముందు పేరుతోనే ఒక చిక్కుంది. న్యాచురలిజాన్ని 'ప్రకృతివాదం' అనగానే మనకి భావకవిత్వంలోని వెన్నెలా, సెలయేళ్ళూ గుర్తొస్తాయి. దీనికీ వాటికీ సంబంధం లేదు. మనిషిని ఒక పరిస్థితిలో పెట్టి, ప్రయోగశాలలో చూసినట్టు ఏం జరుగుతుందో చూడాలన్నది 1880లో ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా చెప్పిన పద్ధతి. అమెరికాలో స్టీఫెన్ క్రేన్, ఫ్రాంక్ నోరిస్, లండన్ ఆ దారిలో రాశారు. లండన్‌కి చలి పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. 1897లో బంగారం కోసం కెనడాలోని క్లోండైక్ వెళ్ళి, ఒక చలికాలం అక్కడ గడిపి, స్కర్వీ జబ్బుతో 1898లో తిరిగొచ్చాడు.

అందుకే కథని ప్రయోగంలాగే చదవండి. పెన్సిల్ పట్టుకుని టైము, ఉష్ణోగ్రత, చేతి తొడుగు తీసిన ప్రతిసారీ వేళ్ళకి ఏమైందన్నది మార్జిన్‌లో రాసుకోండి. ఉష్ణోగ్రత సున్నాకి దిగువన 75 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 59 సెల్సియస్. మనిషి గంటకి నాలుగు మైళ్ళ చొప్పున నడుస్తున్నాడు. వేగం వివరం ఊరికే రాలేదు. ఆ నడక ఉన్నంతసేపే గుండె రక్తాన్ని ఒంటి చివరలదాకా తోస్తుంది, ఆగితే రక్తం లోపలికి వెనక్కి తగ్గుతుంది. ఈ మాట కథలోనే ఉంది. పన్నెండున్నరకి తిండికని కూర్చున్నప్పుడు తొడుగు తీస్తే క్షణాల్లో వేళ్ళు మొద్దుబారాయి. అంతకుముందు కుక్క కాలి మంచు తీయడానికి ఒక్క నిమిషం తీసినప్పుడూ అంతే. రచయిత మనకి రెండుసార్లు కొలత చూపించాడన్నమాట. అసలు గండం వచ్చేసరికి ఆ వేళ్ళు ఎంతసేపు పనిచేస్తాయో మనకి ముందే తెలుసు.

తర్వాత మంచు కింద గడ్డకట్టని ఊట నీళ్ళలో కాలు దిగి, మోకాళ్ళకి సగందాకా తడుస్తుంది. ఇక్కడ పాఠకులు తరచూ ఒక సంగతి వదిలేస్తారు. కాళ్ళు పొడిగా ఉండి మంట అంటుకోకపోతే అర మైలు పరుగెత్తి రక్తప్రసరణ తెచ్చుకోవచ్చు. తడిసిన కాళ్ళతో అది కుదరదు, ఎంత పరుగెత్తితే అంత గట్టిగా గడ్డకడతాయి. కాబట్టి మొదటి మంటే అంటుకోవాలి. అతను పద్ధతిగానే చేశాడు. కింద పెద్ద కర్రలు పరిచి, అగ్గిపుల్లతో బర్చ్ చెట్టు బెరడు ముక్క వెలిగించి, ఎండు గడ్డీ సన్నపుల్లలూ కొద్దికొద్దిగా వేశాడు. మంట నిలబడింది కూడా.

అయితే వేసింది స్ప్రూస్ చెట్టు కింద. వారాల తరబడి గాలి లేదు కాబట్టి కొమ్మలన్నీ మంచు బరువుతో వంగి ఉన్నాయి. పుల్ల లాగినప్పుడల్లా చెట్టు కాస్త కదిలింది. పై కొమ్మ మంచు కింది కొమ్మ మీద, అది ఇంకో కొమ్మ మీద, చివరికి అంతా మంట మీద పడింది. లండన్ దాన్ని మొదట అతని తప్పు అంటాడు, వెంటనే దిద్దుకుని, కాదు, పొరపాటు అంటాడు. మీ జవాబుకి ఆ ఒక్క వాక్యం చాలు. తప్పుకి నైతిక బాధ్యత ఉంటుంది, పొరపాటుకి పర్యవసానం మాత్రమే ఉంటుంది.

రెండో మంట ఆరుబయటే వేశాడు, కానీ అప్పటికి వేళ్ళు పూర్తిగా మొద్దుబారాయి. అగ్గిపుల్ల పట్టలేడు. డెబ్బై పుల్లల కట్టనంతా అరచేతుల మధ్య బిగించి ఒక్కసారే గీశాడు. చేయి కాలుతున్నా పట్టుకున్నాడు. ఎంచుకునే వీలు లేక పోగేసిన పుల్లల్లో వచ్చిన పచ్చి నాచు ముక్క మంట మీద పడింది. దాన్ని తీయబోతే, వణుకుతున్న చేతులు మంటనే చెదరగొట్టాయి. ఇందులో పిరికితనం ఎక్కడా లేదు, ధైర్యం పుష్కలంగా ఉంది. ధైర్యం వేళ్ళని పనిచేయించలేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించే చోటు ఇదే.

"మరి అతనికి ఊహాశక్తి లేదని కథకుడే మొదట్లో అన్నాడు కదా, అది తీర్పు కాదా?" అని ఎగ్జామినర్ అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అంకె తెలుసు, ఆ అంకెకి అర్థం తట్టలేదు: అది ఒక లోటు, బూటుకి చిల్లు ఉన్నట్టు. పక్కనే కుక్కని పెట్టింది అందుకే. దానికి థర్మామీటర్ తెలియదు, కానీ ఇది నడిచే చలి కాదని వంశపారంపర్యంగా వచ్చిన సహజజ్ఞానం చెబుతోంది. అది అతని మీద ప్రేమతో ఉండలేదు, మంట కోసం ఉంది.

నీతికథగా చదవాలంటే అలాంటిది విడిగా ఉంది, లండన్ రాసిందే. ఇదే పేరుతో 1902లో 'యూత్స్ కంపానియన్' పత్రికలో వేశాడు. అందులో మనిషికి టామ్ విన్సెంట్ అని పేరుంది, కుక్క లేదు. చేతులు కాలినా బతుకుతాడు, ఒంటరిగా ప్రయాణం చేయకూడదని బుద్ధి తెచ్చుకుంటాడు. 1908 ఆగస్టు 'సెంచరీ' పత్రికలో వచ్చిన కథలో పేరు తీసేశాడు, కుక్కని తెచ్చాడు, మనిషిని బతకనివ్వలేదు. మీ వ్యాసానికి ఈ మార్పులే వెన్నెముకగా పెట్టుకోండి, ఇతర విమర్శకుల మాటలు తక్కువైనా పర్వాలేదు.

ఇంకొక్క జాగ్రత్త. "బలవంతుడే బతుకుతాడు" అని డార్విన్ పేరు మీద రాసేయకండి. దాని వెనకున్న 'సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్' అన్న ఇంగ్లీషు నానుడి హెర్బర్ట్ స్పెన్సర్ అనే ఇంగ్లీషు తత్వవేత్త 1864లో వాడింది, పైగా ఈ సాహిత్యం దాన్ని ప్రతిసారీ ఒప్పుకోదు. క్రేన్ ప్రయాణిస్తున్న ఓడ 1897 జనవరిలో ఫ్లోరిడా దగ్గర మునిగింది. ఆ అనుభవంతో రాసిన 'ది ఓపెన్ బోట్'లో చిన్న పడవలో నలుగురుంటారు. వాళ్ళలో ఈతలో ముందున్నవాడు, తెడ్డు బాగా వేసినవాడు ఆయిలర్, అంటే ఓడ యంత్రాలకి నూనె వేసే పనివాడు. ఒడ్డు దగ్గర చనిపోయింది అతనొక్కడే.