రేవులో తీసిన సీను అతకట్లేదు, ఇప్పుడేం చేయాలి? (షార్ట్ ఫిల్మ్ ప్రశ్నలు - జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ గోదావరి డెల్టా వైపు నుంచే, అన్నీ కాలేజీ పిల్లలవే. మొదటిదానికి కాస్త పెద్ద జవాబు రాశాను, ఎందుకంటే అందులో పడ్డ ఇబ్బంది మన డెల్టాలో షూటింగ్ పెట్టుకున్న ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు తగిలేదే.

ప్రశ్న: అన్నా, మేం ఆరుగురం, డిగ్రీ ఫైనల్ ఇయర్, మాది సఖినేటిపల్లి దగ్గర. 12 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాం, పంటి (జనాన్నీ బళ్లనీ ఏరు దాటించే ఇంజను పడవ) మీద పనిచేసే నాన్న, హైదరాబాద్ నుంచి వచ్చిన కూతురు, ఇద్దరూ రేవు మెట్ల మీద కూర్చుని మాట్లాడుకునే సీనే కథకి ప్రాణం. పొద్దున 7కి మొదలెట్టి మధ్యాహ్నం ఒంటిగంటకి ముగించాం. ఎడిటింగ్‌లో చూస్తే నాన్న వైపు షాట్‌లో నీళ్ల పైన ఐదు మెట్లు ఉన్నాయి, కూతురు వైపు షాట్‌లో రెండే ఉన్నాయి. దానికితోడు డైలాగుల మీద పంటి ఇంజను సౌండ్, ఒక షాట్‌లో గట్టిగా, ఇంకో షాట్‌లో అసలు లేదు. కెమెరా అద్దెకే డబ్బులైపోయాయి. మొత్తం మళ్లీ తీయాలా?

జవాబు: తమ్ముడూ, మొత్తం అక్కర్లేదు, కంగారు పడకు. కెమెరా పట్టుకున్న కుర్రాణ్ణి ఏమీ అనకండి, అతని తప్పేం లేదు. సముద్రం దగ్గర కాబట్టి మీ వైపు గోదావరి పాయ వశిష్ఠలోకి పోటు ఎక్కుద్ది, ఆరు గంటలు ఎక్కడం ఆరు గంటలు తీయడం, మీరు మొదలెట్టింది పాటు మీద, అంటే నీళ్లు బాగా తీసున్నప్పుడు, ముగించింది నిండు పోటు మీద. మీ రేవులో పడవేసుకునే ఏ పెద్దాయన్ని అడిగినా ముందే చెప్పుండేవారు.

ఈ పోటు రోజూ ఒకే టైముకి రాదు, రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటది, అలా జరిగి జరిగి పదిహేను రోజులకి దాదాపు అదే టైముకి అదే మట్టానికి వస్తది. మీకు పనికొచ్చేది ఇదే. షూటింగ్ చేసిన రోజు తిథి ఏంటో ఇంట్లో క్యాలెండర్‌లో చూడండి. పౌర్ణమి వెళ్లిన రెండో రోజు తీసుంటే అమావాస్య వెళ్లిన రెండో రోజుకి పెట్టుకోండి, అదే టైముకి. పదిహేను రోజుల్లో ఎండ వాలు కూడా పెద్దగా మారదు కాబట్టి మొహం మీద వెలుగు కూడా కలుస్తది. వెళ్లేముందు పాత షాట్ ఒకటి ఫోన్‌లో పెట్టుకుని వెళ్లండి, మెట్లు లెక్కపెట్టి అప్పుడు కెమెరా ఆన్ చేయండి. వరదల టైములో మాత్రం, అంటే జులై నుంచి సెప్టెంబర్ దాకా, ధవళేశ్వరం నుంచి నీళ్లు వదులుతుంటే ఈ లెక్క నమ్ముకోవద్దు.

ఇంకోటి, క్లోజప్పుల్లో మెట్లు కనపడవు కదా, వాటిని ముట్టుకోకండి. టైమ్‌లైన్‌లో కూర్చుని మెట్లు కనపడే షాట్లు ఏవేవో ఒక కాగితం మీద రాస్తే నాకు తెలిసి మూడో నాలుగో తేలతాయి. అవి ఒక గంటన్నర పని, కెమెరా కూడా పూట అద్దెకి అడగొచ్చు. ఇకముందు రేవులో ఏదన్నా రాసుకుంటే సప్తమి అష్టమి అటూఇటూ రోజులు చూసుకోండి, అప్పుడు పోటుకీ పాటుకీ తేడా తక్కువుంటది, అమావాస్య పౌర్ణమి రోజుల్లో బాగా ఎక్కువ.

నేను మొదటిసారి అంతర్వేది వైపు ఒక షార్ట్ ఫిల్మ్‌కి సౌండ్ చేయడానికి వెళ్లినప్పుడు మాకూ ఇదే జరిగింది. మా హడావుడి చూసి ఒక పడవాయన వెదురు గెడ తెచ్చి బురదలో గుచ్చి, తన తలకున్న తువాలు అంచు చింపి, నీళ్లు ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడ కట్టాడు. "ఈ పీలిక తడిసిందంటే మీ బొమ్మ చెడినట్టే బాబూ, ఆపేసి నీళ్లు దిగేదాకా ఆగండి" అన్నాడు. ఆ రోజు ఎంతసేపు ఆగామో గుర్తులేదు గానీ సీను మాత్రం ఒక్క చోట కూడా తేడా రాలేదు. ఇప్పటికీ ఏటి ఒడ్డున పనంటే నా బ్యాగులో ఎర్రగుడ్డ పీలిక ఉంటది.

ఇక సౌండు. పంటి ఇంజను మీకు అడ్డం కాదు, మీ కథే పంటి మీద పనిచేసే మనిషిది, ఆ చప్పుడు ఉండాలి కూడా. చిక్కల్లా ఒక షాట్‌లో ఉండి ఇంకో షాట్‌లో లేకపోవడం, కట్ పడ్డ ప్రతిచోటా చెవికి కుదుపు తగుల్తది. రీషూట్‌కి వెళ్లినప్పుడు నటులెవర్నీ మాట్లాడనివ్వకుండా మూడు నిమిషాలు పంటి వచ్చి వెళ్లే చప్పుడు, ఇంకో రెండు నిమిషాలు ఉత్త రేవు చప్పుడు రికార్డ్ చేస్కోండి. ఆ ట్రాక్‌ని సీను మొత్తం కింద పరిచేస్తే కుదుపులు చాలావరకు తెలియవు. డైలాగులు మాత్రం పంటి అవతలి ఒడ్డున ఉన్నప్పుడే తీయాలి, ఓపిగ్గా కూర్చోవాలి, తప్పదు. కాలర్ మైక్ ఒకటి జేబులో ఫోన్‌కి పెట్టి చొక్కా లోపల దాచి రికార్డ్ పెట్టండి, షాట్ మొదట్లో చప్పట్లు కొడితే తర్వాత సౌండునీ బొమ్మనీ కలపడం తేలిక. మధ్యాహ్నానికి సముద్రపు గాలి ఎక్కువైపోద్ది, మైక్ మీద బొచ్చు కవర్ లేకపోతే బుసబుసలే వినిపిస్తాయి.

డబ్బింగ్ చెప్పేద్దాం అని ఎవరన్నా అంటే వెంటనే ఒప్పుకోవద్దు. నదొడ్డున కూర్చుని "ఏమ్మా, ఎప్పుడొచ్చేవు" అన్నప్పుడు గొంతులో ఉండే ఆ సాగుడు, ఆ చల్లదనం, బెడ్‌రూమ్‌లో బొంతలు కట్టుకుని ఫ్యాన్ ఆపేసుకుని చెప్తే రాదు. అన్నీ ప్రయత్నించి కుదరనప్పుడు, ఆ ఒక్క లైనుకే చెప్పించండి.

ప్రశ్న: సర్, నేను భీమవరంలో బీటెక్ మూడో సంవత్సరం. హాస్టల్ గదిలో రాత్రి సీను ట్యూబ్‌లైట్ కింద ఫోన్‌తో తీస్తే వీడియోలో నల్లటి చారలు పైకీ కిందకీ పాకుతున్నాయి. ఫోన్ పాడైందా?

జవాబు: పాడవలేదమ్మా. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకి 100 సార్లు మిణుకుతది, కంటికి తెలియదు గానీ కెమెరాకి తెలుస్తది. ఆటోలో వదిలేయకుండా ప్రో మోడ్‌లో షట్టర్ సెకనులో 50వ వంతుకి గానీ 100వ వంతుకి గానీ పెట్టి లాక్ చెయ్యి, సెకనుకి 25 ఫ్రేముల ఆప్షన్ ఉంటే అది పెట్టు. చవక ఎల్ఈడీ బల్బులు కొన్ని అప్పటికీ మొండికేస్తాయి, అప్పుడు బల్బు మార్చడమే.

ప్రశ్న: అన్నా, మాది అమలాపురం. కొబ్బరితోటలో మధ్యాహ్నం తీస్తే హీరోయిన్ మొహం మీద పులి చారల్లా ఎండ, మిగతాదంతా నలుపు. పొద్దున తీద్దామంటే లెన్స్ మీద మంచు పట్టినట్టు మసక వచ్చేస్తోంది.

జవాబు: తోటలో మధ్యాహ్నం వైడ్ షాట్ పెట్టుకోవద్దు, క్లోజప్పులు మాత్రం తీయొచ్చు. నాన్నగారి తెల్ల పంచె ఒకటి నాలుగు మడతలు కాకుండా ఒకే పొరగా సాగదీసి ఇద్దరు పట్టుకుని ఆమె తలపైన ఎత్తితే ఆ చారలన్నీ పోయి మెత్తటి వెలుగు పడద్ది. నల్లగా ఉన్న పక్కకి థర్మాకోల్ షీటు ఎదురుగా పెట్టండి. ఆకుల పచ్చదనం మొహం మీదకి కొట్టకుండా అది బాగా ఆపుద్ది, ఇది చాలామంది గమనించరు, తర్వాత కలర్ సరిచేయడానికి కిందామీదా పడతారు. మసక సంగతి, రాత్రంతా కెమెరా ఏసీ గదిలో పెట్టి తెల్లారి ఒక్కసారే తోటలోకి తెస్తున్నట్టున్నారు, ఆ చల్లటి గాజు మీద మన గాలిలో తేమ పట్టేస్తది. షూటింగ్‌కి గంట ముందే బ్యాగు జిప్ తియ్యకుండా వరండాలో పెట్టండి, వేడెక్కాక తియ్యండి. చొక్కా అంచుతో మాత్రం తుడవొద్దు.

అన్నట్టు తోట దగ్గర గుడి ఉంటే మైకు ఎన్నింటికి పెడతారో పూజారి గార్ని ముందే అడగండి. డైలాగు వెనక సినిమా పాట చిన్నగా వినపడ్డా యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ రావొచ్చు. అడిగితే అరగంట ఆపేవాళ్లే ఎక్కువ మన ఊళ్లల్లో, అడక్కుండా వెళ్లి కెమెరా పెడితేనే కోపాలొస్తాయి.

ప్రశ్న: సర్, క్లైమాక్స్ నడి గోదావరిలో నావ మీద. మా ఫ్రెండ్స్‌లో నలుగురికి ఈత రాదు. లైఫ్ జాకెట్లు వేస్తే ఫ్రేములో కనపడతాయి, ఇంట్లో వద్దంటున్నారు. ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించొద్దు బాబూ. ఇంట్లోవాళ్లు చెప్పిందే రైటు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన రోజు మన గోదావరి జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేరు, అది డెల్టాకి ఎంతో పైనైనా నది ఇదే. ఇక్కడ మన ఏట్లో కూడా ఇసుక తీసిన గోతులుంటాయి, మోకాల్లోతు అనుకుని అడుగేస్తే నిలువు లోతు.

నీ సీను అలా రిస్క్ లేకుండానే వస్తది. ఒడ్డుకి దగ్గర్లో, లోతు ఎంతో తెలిసినచోట నావని రెండు తాళ్లతో కట్టేయండి, తాళ్లు ఫ్రేము కిందగా పోవాలి. కెమెరా ఒడ్డున, బాగా కిందకి, నీటి మట్టానికి దగ్గరగా పెట్టి నది వైపు చూపిస్తే వెనక అంతా నీళ్లే, నడి ఏట్లో ఉన్నట్టే ఉంటది. నావ ఊగడానికి ఒకరు ఫ్రేము బయట నడుం లోతులో నిలబడి అంచు పట్టుకుని మెల్లగా ఊపాలి, ఆ ఒకరు పడవాయనే అయ్యుండాలి, మీ ఫ్రెండ్ కాదు. నావలో ఉన్న ఇద్దరూ లైఫ్ జాకెట్ మీద వదులు చొక్కా, పైన కండువా వేసుకుంటే క్లోజప్‌లో తెలియదు. నిజంగా నడి ఏట్లో నావ వెళ్లే వైడ్ షాట్ కావాలంటే పడవాయన్నే అదే రంగు చొక్కా వేసుకుని ఒక్కడే వెళ్లమనండి, ఆ దూరం నుంచి మొహం కనపడదు, గెడ వేసే తీరు మాత్రం మీ హీరో కన్నా ఆయనదే బాగుంటది.