పొగబెట్టిన చేపతో మీగడ పాస్తా: విరక్కుండా, నీచు కొట్టకుండా

చుట్టాలు పొగబెట్టిన చేప ప్యాకెట్ ఇచ్చారు, రాత్రికి త్వరగా క్రీమ్ పాస్తా చేద్దామంటే క్రీమ్ విరుగుతుందేమో, నీచు కొడుతుందేమో అని టెన్షన్‌గా ఉందన్నారు కదా. మొదటిది నా వంటింట్లో జరిగిందే, అందుకే చెబుతున్నాను.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి లండన్ నుంచి వస్తూ ఐస్ ప్యాకుల మధ్య పెట్టి పొగబెట్టిన మాకెరెల్ తెచ్చాడు. మన కానాగంతలకి చుట్టంలాంటి చేప. ప్యాకెట్ విప్పానో లేదో మా అత్తయ్యగారు వేడినీళ్ళు పెట్టేశారు. ఎండు నెత్తళ్ళయినా, సావిళ్ళయినా నాలుగుసార్లు కడగందే ఆవిడ పొయ్యి ఎక్కనివ్వరు మరి. దీన్ని అలా కడిగితే పొగ రుచంతా తూములోకి పోతుంది. ఇది వేడి పొగలో ముందే ఉడికిపోయిన చేప. తోలు లాగేసి, ముల్లు ఏరి, వేళ్ళతో రేకుల్లా విడదీస్తే చాలు. మీది పల్చటి ముక్కలుగా మెరిసే సాల్మన్ అయితే మాత్రం అది సాధారణంగా చల్లటి పొగ పెట్టింది, పచ్చిదే. ఇంట్లో గర్భిణులుగానీ పెద్దవాళ్ళుగానీ తినేట్టయితే పాస్తాలో కలపకముందే విడిగా బాగా ఉడికించాలి.

ఇక నా నిర్వాకం. ఆ రోజు ఊళ్ళో క్రీమ్ డబ్బా దొరకలేదు. వెన్న తీద్దామని వారంగా పోగేసిన మీగడ ఫ్రిజ్‌లో ఉంటే అదే మూకుట్లో గుమ్మరించాను. మొదటిరోజే అందులో తోడు వేసిన సంగతి గుర్తు లేదు. పైగా నిమ్మకాయ పిండాను. సలసలా మరుగుతుంటే తరకలు తరకలుగా విరిగి, నెయ్యి ఒక పక్కకి, నీళ్ళు ఒక పక్కకి పోయాయి. "ఇదేంటే అమ్మాయ్, జున్ను వండావా?" అన్నారు అత్తయ్యగారు.

అందుకని ఆ పూట పాల మీంచి తీసిన తియ్యటి మీగడే వాడండి, డబ్బా క్రీమ్ ఉంటే మరీ సుఖం. ఇద్దరికి 200 గ్రాముల పాస్తా, 150 గ్రాముల చేప, అరకప్పు మీగడ. రెండు లీటర్ల నీళ్ళకి రెండు చిన్న చెంచాల ఉప్పు మించొద్దు, చేపలోనే బోలెడుంటుంది. ప్యాకెట్ మీద రాసినదానికి ఒక నిమిషం ముందే దింపి, వార్చేటప్పుడు గ్లాసుడు గంజి దాచండి. ఆ గంజే మీగడని విడిపోకుండా పట్టుకునేది.

ఈలోగా వెన్నలో నాలుగు వెల్లుల్లి రెబ్బలు ఎర్రబడకుండా వేయించి, సెగ బాగా తగ్గించి, గిలక్కొట్టిన మీగడ, గరిటెడు గంజి, పాస్తా, మిరియాల పొడి వేసి కలపండి. స్టవ్ కట్టేశాకే చేప వెయ్యాలి. ముందే వేసి మరిగిస్తే పొడిపొడైపోయి నీచు కొడుతుంది. నిమ్మకాయ తొక్క కాస్త తురమండి, రసం మటుకు కంచంలో పిండుకోవాలి. మావారు దీని మీద కూడా పచ్చిమిర్చి తరుక్కుంటారు, బాగానే ఉంటుంది.

లండన్ చేప అయిపోయాక పండుగప్ప ముక్కలు ఆవిరి మీద ఉడికించి, మధ్యలో చిన్న గిన్నెలో కాలిన కొబ్బరిచిప్ప బొగ్గు పెట్టి, నెయ్యి చుక్క వేసి పది నిమిషాలు మూత పెట్టాను. అంత గాఢంగా రాలేదు గానీ అత్తయ్యగారు మారు వడ్డించుకున్నది దీన్నే.

వేడివేడిగా తినెయ్యండి. ఆలస్యమై బిగుసుకుపోతే, దాచిన గంజి రెండు చెంచాలు పోసి సన్నసెగ మీద కలిపితే మళ్ళీ జారుగా వస్తుంది.