పదిహేడు మందికి విల్లానా, ఆరు గదులా? పోయినసారి డిపాజిట్ సంగతేంటి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. అమ్మానాన్నలు, మేం ముగ్గురు అన్నదమ్ములం, మా భార్యలు, చెల్లి, బావగారు, పిల్లలు ఏడుగురు, మొత్తం పదిహేడు మందిమి. పోయిన దసరాకి హైదరాబాద్ శివారులో ఒక విల్లా యాప్‌లో బుక్ చేశాం. ఐదు బెడ్‌రూములు, 20 మందికి సరిపోతుంది అని రాశారు. రోజుకి 21,000 చొప్పున రెండు రాత్రులకి 42,000, డిపాజిట్ 10,000 కట్టాం. వెళ్లాక చూస్తే రెండు గదులకి తాళం, ఓనరు సామాను లోపల ఉందన్నారు. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారు హాల్లో సోఫా మీద పడుకున్నారు. తిరిగొచ్చాక ఆ సోఫా మీద మరక పడిందని డిపాజిట్ ఎగ్గొట్టారు. ఓనరు అడ్రసు కూడా మాకు తెలియదు. బుకింగ్ అన్నయ్య పేరు మీద, డబ్బు అన్నయ్య కార్డులోంచి. ఇప్పుడు వేసవి సెలవులకి రామోజీ ఫిలిం సిటీ, వండర్‌లా చూపించమని పిల్లల గొడవ. తమ్ముడు గచ్చిబౌలిలో చవగ్గా ఉందని లింకు పంపి మళ్లీ విల్లా అంటున్నాడు, ఇంట్లో ఆడవాళ్లు హోటలే నయం అంటున్నారు. పాత డబ్బు వస్తుందా? ఈసారి ఏది తీసుకుంటే చట్టపరంగా ఇబ్బంది ఉండదు? రెండు కార్లలో వెళ్తాం. మా మామగారికి బాగోక ప్రయాణం ఆగిపోతే రద్దు చార్జీల సంగతేంటి?

జవాబు: మీ ఉత్తరంతో పాటు పంపిన బుకింగ్ కాగితం చూశానండి. అందులో మీరు ప్రశ్నలో రాయని ముక్క ఒకటి ఉంది. గెస్టుల సంఖ్య దగ్గర 14 అని కొట్టారు. పిల్లల్లో ముగ్గురు చిన్నవాళ్లు కదా, లెక్కలోకి రారులే అనుకుని ఉంటారు. అందరూ చేసేదే ఇది, నేనూ చేశాను. కానీ రేపు వినియోగదారుల కమిషన్ ముందు ఓనరు తరఫు లాయరు మొట్టమొదట తీసేది ఆ కాగితమే, "14 మంది అని చెప్పి 17 మంది వచ్చారు, ముందు మాట తప్పింది వాళ్లే" అంటాడు. అందుకని ఆ సంగతి ముందే మనమే ఫిర్యాదులో ఒప్పేసుకుని, వాళ్ల ప్రకటనలోనే 20 మందికి సరిపోతుందని ఉంది, పైగా గదుల సంఖ్యకీ మనుషుల సంఖ్యకీ సంబంధం లేదు, 14 మంది వచ్చినా ఐదు గదులు ఇవ్వాల్సిందే, ఇచ్చింది మూడు అని రాయాలి. అలా రాస్తే అవతలివాడి చేతిలో కర్ర మనం లాక్కున్నట్టే. దాచిపెడితే మాత్రం దెబ్బ మనకే.

కేసు వేయొచ్చా అంటే శుభ్రంగా వేయొచ్చు. హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వచ్చాక (2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది) ఫిర్యాదుదారు నివసించే చోటే జిల్లా కమిషన్‌లో వేసుకోవచ్చు, సెక్షన్ 34 అదే చెబుతుంది. పాత 1986 చట్టంలో ఈ వెసులుబాటు లేదు, అవతలివాళ్ల ఆఫీసు ఉన్న ఊరికో సంఘటన జరిగిన ఊరికో తిరగాల్సి వచ్చేది, సగం మంది అక్కడే వదిలేసేవారు. ఇక యాప్ షరతుల్లో చివర ఎక్కడో "వివాదాలన్నీ ఫలానా నగరంలో ఆర్బిట్రేషన్‌కే" (అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకే) అని చిన్న అక్షరాల్లో ఉంటుంది కదా, దానికి భయపడకండి. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుడు కమిషన్ గడప తొక్కకూడదని లేదని 2018 డిసెంబరులోనే సుప్రీంకోర్టు తేల్చింది.

చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు సున్నా. గడువు సంఘటన జరిగినప్పటి నుంచి రెండేళ్లు, సెక్షన్ 69. పోయిన దసరాయే కాబట్టి టైముంది, కానీ సెలవులయ్యాక చూద్దాం అంటూ వచ్చే దసరా దాకా లాగకండి. విల్లా కేర్‌టేకర్ నంబరు మారిపోతుంది, యాప్‌లో ఆ ప్రకటన ఫొటోలు మారిపోతాయి.

డబ్బు కట్టింది అన్నయ్య కదా, హాల్లో పడుకున్న నాన్నగారికి హక్కేముంది అని సందేహం రావచ్చు. డబ్బు కట్టినవారి అంగీకారంతో సేవ వాడుకున్నవాళ్లు కూడా వినియోగదారులే, సెక్షన్ 2(7) నిర్వచనంలోనే ఉంది. నా సలహా ఏంటంటే ఫిర్యాదు అన్నయ్య పేరు మీద వేసి, నాన్నగారి చేత ఒక అఫిడవిట్ ఇప్పించండి. వయసు, మోకాళ్ల సంగతి, రెండు రాత్రులు ఎక్కడ పడుకున్నారు, అంతే. పెద్దాయన సొంత మాటల్లో ఉన్న ఒక పేజీకి ఉన్న బలం మనం రాసే పది పేజీల లా పాయింట్లకి ఉండదు.

ఓనరు అడ్రసు తెలియదన్నారు. దీనికీ దారుంది, చాలామందికి తెలియదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో రూల్ 5 ప్రకారం, కొన్న తర్వాత వినియోగదారుడు రాతపూర్వకంగా అడిగితే అమ్మినవాళ్ల అడ్రసు, ఈమెయిల్ లాంటి వివరాలు యాప్ కంపెనీ ఇచ్చి తీరాలి. కాబట్టి ఈ వారంలోనే యాప్ గ్రీవెన్స్ ఆఫీసరుకి మెయిల్ పెట్టండి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి అని రూల్ 4లో ఉంది. ఇవ్వకపోతే ఆ మౌనమే మనకి ఇంకో ఆధారం. కేసులో ఓనరు ఒక్కడినే కాదు, యాప్‌ని కూడా ప్రతివాదిగా పెట్టండి. "మేం వేదిక మాత్రమే, మాకేం సంబంధం లేదు" అని వాళ్లు అంటారు. అననివ్వండి. అది తేల్చాల్సింది కమిషన్.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. కోపం మీద "ఈ డిపాజిట్ షరతే అన్యాయం, చెల్లదు" అని రాయకండి. అలా రాస్తే అది అన్యాయమైన కాంట్రాక్టు కిందకి పోతుంది, దాన్ని వినే అధికారం జిల్లా కమిషన్‌కి లేదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. పదివేల కోసం అంత దూరం ఎందుకు? గదులు తక్కువిచ్చారు కాబట్టి సేవాలోపం, అబద్ధపు ప్రకటన కాబట్టి అనుచిత వ్యాపార పద్ధతి, మరకకి రుజువు లేకుండా డిపాజిట్ పట్టేశారు కాబట్టి వాపసు. ఈ మూడూ రాస్తే చాలు. ఒకవేళ మరక నిజంగానే మన పిల్లల పనే అనుకున్నా, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం సమంజసమైన నష్టమే అడగాలి. సోఫా కవరు ఉతికించడానికి పదివేలు అవుతుందంటే బిల్లు చూపించమనండి.

అన్నిటికంటే ముందు 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. కొన్ని కంపెనీలు అక్కడి నుంచి ఒక మెయిల్ వెళ్లగానే దిగొస్తాయి. దిగిరాకపోతే వినియోగదారుల కమిషన్ల వెబ్‌సైట్ ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే ఫిర్యాదు వేసుకోవచ్చు, వీడియోలో హాజరవుతామని అడగొచ్చు. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది కానీ, ఆ మాట నమ్ముకుని క్యాలెండరు మీద గీతలు పెట్టుకోకండి, వాయిదాలు ఉంటాయి.

ఇప్పుడు వేసవి సంగతి.

ముందు ఊరి సంగతి ఒకటి. మీరు పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా వెళ్లి నార్కెట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే ఎక్కుతారు. ఆ దారిలో హైదరాబాద్ ఊరు రాకముందే అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర రామోజీ ఫిలిం సిటీ వస్తుంది. వండర్‌లా ఉన్న రావిర్యాలకి పెద్ద అంబర్‌పేట దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి దక్షిణంగా పోవాలి. రెండింటికీ సిటీ మధ్యలోకి వెళ్లే పనే లేదు. అయినా ఊరికి అవతలి వైపున్న గచ్చిబౌలిలో విల్లా చవగ్గా ఉందని తమ్ముడు లింకు పంపాడని రాశారు. పెద్దవాళ్లని, రెండున్నరేళ్ల పిల్లని వేసుకుని రోజూ పొద్దున్నా సాయంత్రం అంత దూరం తిరగడం... అది నా సబ్జెక్టు కాదు, వదిలేస్తున్నా.

నా సబ్జెక్టులోకి వస్తే, నేను ఇంట్లో ఆడవాళ్ల పక్షమే. ఎందుకంటే విల్లా తీసుకున్నప్పుడు కాగితం ఒకటే, పేరు ఒకటే. పదిహేడు మందిలో ఎవరు ఏం పగలగొట్టినా అన్నయ్య మెడకే. అక్కడ ఏదైనా తేడా వస్తే అందరూ ఒకేసారి రోడ్డు మీద. రాత్రి తొమ్మిదింటికి పదిహేడు మందికి ఇంకో చోటు ఎక్కడ దొరుకుతుంది? హోటల్లో ఆరు గదులు తీసుకుంటే ఒక గది బాగోలేకపోయినా మిగిలిన ఐదు ఉంటాయి, రిసెప్షన్‌లో నిలబడి అడగడానికి ఒక మనిషి ఉంటాడు, బిల్లు ఉంటుంది, కంపెనీకి అడ్రసు ఉంటుంది. కేసు గెలవడం కంటే నోటీసు ఇవ్వడానికి అడ్రసు ఉండటమే ఎక్కువ ముఖ్యం, అది మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.

పన్ను లెక్క కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 వరకు అద్దె ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18. ఈ లెక్క యూనిట్‌కి. విల్లా మొత్తాన్ని ఒకే యూనిట్‌గా 21,000కి ఇస్తే పన్ను 3,780. అదే 21,000కి 3,500 చొప్పున ఆరు గదులు తీసుకుంటే 1,050. ఒక్క రాత్రికి 2,730 తేడా. తమ్ముడు పంపిన లింకులో మొదటి పేజీలో పన్ను కనిపించలేదు, చివర డబ్బు కట్టే దగ్గర కలిపారు చూశారా? అలా విడతలు విడతలుగా ధర పెంచుకుంటూ పోవడం, "ఇంకొక్కటే మిగిలింది, ఐదుగురు చూస్తున్నారు" అని లేనిపోని తొందర పెట్టడం, రెండూ 2023 నవంబరు 30 నాటి డార్క్ ప్యాటర్న్స్ (యాప్‌లు కొనేవాళ్లని మాయచేసే పద్ధతులు) మార్గదర్శకాల కింద తప్పే. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తొందరపడకండి.

రామోజీ లోపల సితార, తార లాంటి హోటళ్లు ఉన్నాయి, బస, టికెట్, టిఫిన్ కలిపి ప్యాకేజీ తీసుకుంటే రసీదు ఒకరిదే కాబట్టి బాధ్యత కూడా ఒకరిదే, అది మంచిదే. కాకపోతే గది అద్దె 7,500 దాటితే పైన చెప్పిన లాభం పోతుంది, చూసుకోండి.

హోటల్ తీసుకున్నా మోసపోయే చోటు ఒకటుంది, "పక్కపక్క గదులు". బుకింగ్‌లో ఆ గడిలో మీరు టిక్ పెడతారు, అది మీ కోరిక మాత్రమే, వీలును బట్టి అని కింద ఉంటుంది. వెళ్లాక రెండు గదులు రెండో అంతస్తులో, నాలుగు ఐదో అంతస్తులో ఇస్తే కేసు నిలబడదు, వాళ్లు మాటిచ్చింది లేదు. అందుకని డబ్బు కట్టకముందే హోటల్‌కి నేరుగా మెయిల్ పెట్టండి. మేం పదిహేడు మందిమి, పెద్దవాళ్లు పదిమంది, పిల్లలు ఏడుగురు, వాళ్ల వయసులివి, ఆరు గదులు ఒకే అంతస్తులో కావాలి, పెద్దాయనకి లిఫ్ట్ పక్క గది, అదనపు పరుపులు ఎన్ని, ఒక్కోదానికి ఎంత, గుంటూరులో తెల్లవారుజామున బయల్దేరి తొమ్మిదింటికల్లా వస్తాం, గదులు ఎన్నింటికి ఇస్తారు. "కన్ఫర్మ్" అనే మాట వాళ్ల జవాబులో రావాలి. ఫోన్‌లో "తప్పకుండా సార్" అంటే అది సాక్ష్యం కాదు, మర్యాద.

పిల్లల వయసులు ఎందుకంటే హోటల్లో వయసు చూస్తారు, పార్కు గేటు దగ్గర చాలాచోట్ల పొడుగు చూస్తారు. ఒకచోట ఫ్రీ అయిన పిల్లాడు ఇంకోచోట కాకపోవచ్చు. అక్కడ గొడవపడి లాభం లేదు, షరతు ముందే రాసి ఉంటుంది.

రద్దు చార్జీల గురించి కూడా అడిగారు. మనం రద్దు చేస్తే కోత పెట్టే యాప్, తనంతట తాను రద్దు చేసినప్పుడు అలాంటి చార్జీ భరించకపోతే మన దగ్గర వసూలు చేయకూడదని ఆ ఈ-కామర్స్ నిబంధనల రూల్ 4లోనే ఉంది. వాదించడానికి పనికొస్తుంది. కానీ మామగారికి బాగోక ఆగిపోయే అవకాశం మీకు ఉంది కాబట్టి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఉచితంగా రద్దు చేసుకునే రేటే తీసుకోండి.

రెండు కార్లు అన్నారు. తాళం హోటల్ మనిషికి ఇచ్చి పార్క్ చేయిస్తే, "వాహనాలకు బాధ్యత మాది కాదు" అని చీటీ మీద ఉన్నా నిర్లక్ష్యం వల్ల కారు పోతే హోటల్ తప్పించుకోలేదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ చీటీ పారేయకండి.

ఇంత చెప్పినా తమ్ముడి మాటే నెగ్గి విల్లాకే వెళ్తారా, వెళ్లండి. కానీ 17 అని రాయండి, ఈసారి చంటిపిల్లతో సహా. ఓనరు ఫోన్ చేసి "యాప్ బయట కడితే తగ్గిస్తా" అంటే వద్దనండి. అలా కట్టాక విల్లాయే లేదని తేలితే కన్స్యూమర్ కేసు కాదు, అది మోసం, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. వెళ్లగానే సామాను దించకముందే గేటు నుంచి బాత్‌రూముల దాకా ఆపకుండా ఒక వీడియో తీసి, అక్కడికక్కడే కేర్‌టేకర్‌కి వాట్సాప్ చేయండి. తిరిగొచ్చేటప్పుడు ఇంకోటి. సోఫా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి.

పాత కేసుకి కావాల్సినవి అన్నయ్య ఫోన్లో ఉన్నాయి కదా, ఆయన కొత్త ఫోన్ కొంటుంటే పాతది ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. వాట్సాప్ చాట్లు, ఫొటోలు కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాల్సి రావచ్చు, ఆ ఫోన్ మన దగ్గర ఉంటే పని తేలిక. తాళం వేసిన ఆ రెండు తలుపుల ఫొటో ఎవరి దగ్గరైనా ఉందేమో ఫ్యామిలీ గ్రూపులో అడిగి చూడండి, పిల్లలు సెల్ఫీ తీసుకుంటుంటే వెనకాల పడి ఉండొచ్చు.